నూట పదిహేడో ఖోకాకు రజతోత్సవం

రైఫిల్ శిక్షణ సంస్థలో ఆ మంగళవారం పొద్దున ఒక ఖోకా రెండు ముక్కలయింది. సంస్థ నియమాల ప్రకారం ఖోకాలు ముక్కలు కావు. అందువల్ల జరిగింది ఏమిటో చెప్పడానికి అక్కడ ఎవరికీ మాట దొరకలేదు, ఒక్క సమ్మక్కకు తప్ప.

ఖోకా అంటే తూటా పేలిన తరువాత మిగిలే ఇత్తడి గుల్ల. ఈ సంస్థలో ఆ ఖాళీ గుల్లలను కడిగి, పాత కొలతకు నొక్కి, కొత్తగా మందు పోసి, గుండు బిగించి మళ్లీ తూటాలు చేస్తారు. ఆ పని జరిగే గదిలో సమ్మక్క ఇరవై రెండేళ్లుగా ఉంది. యాభై మూడేళ్ల మనిషి. ఇంట్లో పప్పు ఏరినంత నిమ్మళంగా ఇక్కడ ఖోకాలు ఏరుతుంది.

నస్రీన్ రైఫిల్ పట్టుకుని ఆ గదిలోకి వచ్చింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, దర్జీ కూతురు, సంస్థలో అందరికంటే బాగా కొడుతుంది. కుడి చెంప మీద మసి, కంటి కింద బియ్యపు గింజంత కాలిన మచ్చ.

"పెద్దమ్మా, సగమే బయటికొచ్చింది. ముందు సగం లోపల్నే ఉండిపోయింది."

సమ్మక్క రైఫిల్ వైపు చూడలేదు. పిల్ల గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పింది. "కన్ను మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. అద్దాలు పెట్టుకున్న గద."

"మూసి తెరువు. ఇంకోపాలి. ఆ గోడ మీద ఏం రాసున్నదో చదువు."

నస్రీన్ చదివింది. "ప్రతి ఖోకా చిరంజీవి."

"కన్ను మంచిగనే ఉన్నది," అంది సమ్మక్క.

అప్పుడు రైఫిల్ చేతిలోకి తీసుకుంది. ఇరుక్కున్న ముక్కను పనిముట్టుతో లాగి, రెండు సగాలనూ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టింది. మడమకు, అంటే గుల్ల అడుగుకు, కొంచెం పైన చుట్టూ చాకుతో కోసినట్టు విడిపోయింది. అదే డబ్బాలోని ఇంకో నాలుగు ఖోకాలు తీసి చూసింది. నాలుగింటికీ అదే చోట మెరిసే గీత ఉంది. కొన వంచిన సన్నటి తీగెను ఒకదాని లోపలికి దించి, గోడ వెంట పైకి లాగింది. ఒకచోట తీగె తట్టుకుని ఆగింది.

"నువ్వు లాగి చూడు బిడ్డా."

నస్రీన్ లాగింది. "గుంత ఉన్నది లోపల."

"గంతే. రోజూ తోమే గిన్నెకు అడుగు పలచబడతది చూడు, గట్ల. పేలినప్పుడల్ల ఇత్తడి సాగుతది. మనం మళ్ల నొక్కుతం. మళ్ల సాగుతది. ఒక్క తీగెను అటు వంచి ఇటు వంచితె ఏమైతది? పుటుక్కుమంటది."

సంగతి అంతే. విచారణ పది నిమిషాల్లో పూర్తయింది. ఆ డబ్బా అవతల పారేయాలి, నొక్కే అచ్చును కాస్త పైకి తిప్పాలి. ఈ రెండు ముక్కలూ చెప్పడానికి సమ్మక్క డైరెక్టర్ గది మెట్లెక్కింది. మెట్లు ఎక్కకుండా ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

డైరెక్టర్ విద్యాధర్ రావు పద్నాలుగు నెలల కిందట ఉద్యాన శాఖ నుంచి వచ్చాడు. వచ్చిన వారంలోనే సంస్థ వెనక పడి ఉన్న పాత ఖోకాల గుట్ట చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ రోజునుంచి 'పునర్జన్మ పథకం' మొదలయింది. పథకం కింద ఏ ఖోకానూ పారేయరాదు. ప్రతిదానికీ ఒక అంకె, ఒక చరిత్ర. పదిసార్లు పేలితే 'కిశోర', పదిహేను సార్లు పేలితే 'ప్రౌఢ', ఇరవై దాటితే 'చిరంజీవి'. పర్యావరణ సభల్లో ఆయన ఈ విషయం చెబితే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సంస్థకు ఒక పచ్చని మెమెంటో కూడా వచ్చింది. అంతకుముందు సమ్మక్క ఆరోసారికే ఖోకాను పక్కన పెట్టేదని విని ఆయన నొచ్చుకున్నాడు. ఆరేళ్ల పిల్లను పక్కన పెడతామా అని అడిగాడు.

సాంకేతిక అధికారి ప్రభంజన్ తన వంతు సంస్కరణ తనూ చేశాడు. పన్నెండు రైఫిళ్లకు పన్నెండు డబ్బాలు ఉండేవి. ఏ రైఫిల్ ఖోకాలు ఆ రైఫిల్ కొలతకే కాస్త నొక్కి, వాటిని దానికే వాడేది సమ్మక్క. ప్రభంజన్ దాన్ని భూస్వామ్య పద్ధతి అన్నాడు. ఖోకా అన్నది ఏ రైఫిల్‌లోనైనా పట్టాలని అచ్చును ఒక చుట్టు కిందికి బిగించాడు. అప్పటినుంచి ప్రతి ఖోకా అవసరానికి మించి నలుగుతోంది, ప్రతి పేలుడుకూ అవసరానికి మించి సాగుతోంది.

సమ్మక్క రెండు ముక్కలనూ డైరెక్టర్ బల్ల మీద పెట్టింది. "విరిగింది సార్."

విద్యాధర్ రావు కళ్లజోడు సవరించుకున్నాడు. "విరిగింది అనేది ప్రతికూల పదజాలం అమ్మా. మన రిజిస్టర్‌లో ఏ గడులున్నాయి?"

"పేలినది. పునర్జన్మించినది. గా రెండే ఉన్నయి సార్."

"మరి మూడో గడి లేనప్పుడు మూడో సంఘటన ఎలా జరుగుతుంది?"

పక్కనే నిలబడ్డ ప్రభంజన్ ముక్కలను పరీక్షగా చూశాడు. "సార్, పొద్దున ఇది ఒకటి. ఇప్పుడు రెండు. వస్తుగతంగా చూస్తే సంఖ్యలో వృద్ధి కనబడుతోంది."

డైరెక్టర్ ఒకటి, రెండు అని ముక్కలను లెక్కపెట్టాడు. గొప్ప ఆలోచన ఒకటి అక్కడికక్కడే పుట్టింది.

"వృద్ధి అనే రాయండి," అన్నాడు డైరెక్టర్. "యుద్ధప్రాతిపదికన సమగ్ర విచారణ కూడా జరిపించండి. పారదర్శకత ముఖ్యం."

విచారణ సంఘంలో ప్రభంజన్, కార్యాలయ సూపరింటెండెంట్ బాలకిషన్ ఉన్నారు. పద్నాలుగు ప్రశ్నల పత్రం ఒకటి తయారు చేసి నస్రీన్‌ను కూర్చోబెట్టారు. సాక్షిగా సమ్మక్కను పిలిచారు.

"సంఘటనకు ముందు అల్పాహారం తీసుకున్నావా?" అని అడిగాడు ప్రభంజన్.

"చాయ్ తాగిన సార్."

"చాయ్ మాత్రమే," అని బాలకిషన్ రాసుకున్నాడు.

"పేల్చే సమయంలో సదరు ఖోకా మీద నీకు నమ్మకం ఉందా?"

నస్రీన్ సమ్మక్క వైపు చూసింది. "నేను గురి మీద నమ్మకం పెట్టిన సార్. ఖోకా గురించి సోచాయించలే."

"అంటే నిర్లక్ష్యం."

"సార్," అంది సమ్మక్క, "పద్నాలుగు ప్రశ్నలున్నయి. ఒక్కటన్న ఖోకాను అడగరాదు? ఈ తీగె పెట్టి లాగితె అదే జవాబు చెప్తది."

"ఖోకా విచారణ పరిధిలోకి రాదమ్మా," అన్నాడు బాలకిషన్ ఓపికగా. "అది మన ఆస్తి. షూటర్ మన ఆస్తి కాదు."

మూడు రోజుల్లో నివేదిక వచ్చింది. 'సదరు ఖోకా పేలు సమయమున షూటరు సదరు ఖోకా యెడల తగినంత విశ్వాసము కలిగియుండనట్లు తెలియవచ్చుచున్నది. కావున ఇకపై షూటర్లందరు పేల్చుటకు ముందు ఖోకాను అరచేత నుంచుకొని రెండు నిమిషములు కృతజ్ఞత తెలుపవలెను.' మరునాటి నుంచి రైఫిల్ మైదానంలో పిల్లలు వరసగా కూర్చుని అరచేతుల్లోకి చూసుకుంటూ పెదవులు కదిలించారు. వాళ్లలో ఇద్దరు నిజంగానే ప్రార్థించారు.

ఆ నెలలో మరో తొమ్మిది ఖోకాలు వృద్ధి చెందాయి. నెలవారీ సమీక్షలో విద్యాధర్ రావు ఆ అంకెను రెండుసార్లు చదివించుకున్నాడు. ప్రపంచంలో ఎక్కడైనా వాడేకొద్దీ వస్తువు తరుగుతుందని, ఇక్కడ పెరుగుతోందని అన్నాడు. ఒక పిల్లవాడి కనుబొమ్మ కాలింది. అది రాయడానికి కూడా గడి లేదు.

అలాంటి సమయంలో నూట పదిహేడో అంకె ఖోకా ఇరవై నాలుగోసారి పేలి, ముక్క కాకుండా బయటికి వచ్చింది.

సంస్థలో పండగ వాతావరణం వచ్చేసింది. ఇరవై ఐదో పేలుడును రజతోత్సవంగా బహిరంగ సభలో జరపాలని నిర్ణయించారు. శాఖ కార్యదర్శి ముఖ్య అతిథి. ఖోకాను గాజు పెట్టెలో పెట్టి దండ వేశారు. అంత చిన్న మెడకు దండ దొరకక బంతిపువ్వు రేకలను దారానికి గుచ్చారు. నేతగాళ్లతో చెప్పి బొటనవేలంత శాలువా నేయించారు. సన్మానపత్రం బాలకిషన్ రాశాడు. 'జన్మచే ఇత్తడివైనను నడవడిచే పుత్తడివి' అన్న చోట ఆయనకే ఒళ్లు పులకరించిందని చెప్పుకున్నాడు.

పేల్చే గౌరవం నస్రీన్‌కు ఇచ్చారు. ఆ పిల్ల అదే వేదిక మీద రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ ప్రవేశ పత్రం అందుకుంటుంది. పోటీ వారం తరువాత, ఇదే మైదానంలో. క్రమం కూడా అచ్చువేశారు: ముందు పేలుడు, తరువాత పత్రం.

తూటా కట్టడానికి నూట పదిహేడు సమ్మక్క బల్ల మీదికి వచ్చింది. దండ పక్కన పెట్టి తీగె దించింది. తీగె గుంతలో దిగబడి మళ్లీ బయటికి రావడానికి ఇష్టపడలేదు. బయట మెరిసే గీత కాదు, వెంట్రుక మందం పగులే కనబడుతోంది.

ప్రభంజన్ యోగ్యతా పత్రం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "సంతకం అమ్మా."

"పెట్టను సార్."

"కారణం?"

"ఇది ఈసారి తెగుతది. తెగినప్పుడు వెనక నుంచి మంట వస్తది. వెనక ఆ పిల్ల ముఖం ఉంటది."

"నీ సంతకం లేకపోయినా ఆగదు. ఇరవై నాలుగుసార్ల అనుభవం ఉన్న ఖోకా అది. దాని యోగ్యతను అదే ధ్రువీకరించుకుంటుంది, అలాగని నోట్ పెడతాను. తూటా కట్టి పంపించు. కట్టనంటే వేరే ఎవరితోనైనా కట్టిస్తాను, వాళ్లకు మందు తూచడం రాకపోయినా."

ఆ చివరి మాటకు సమ్మక్క భయపడింది. తనే కట్టింది, మందు వీలైనంత తక్కువ పోసింది. అలా చేస్తే పగులు పూడదని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం నస్రీన్ సద్ది డబ్బా పట్టుకుని వచ్చింది. సమ్మక్క చెప్పింది అంతా విని, రొట్టె తుంచుతూ కూర్చుంది.

"కొట్టకపోతె కాయిదం ఇయ్యరు పెద్దమ్మా."

"కన్ను పోతె ఆ కాయిదం చదువుడు ఎట్ల?"

"ముఖం జెర పక్కకు పెట్టి కొడత. మా అబ్బా నాలుగేండ్ల సంది బొత్తానికి అర్ధరూపాయి లెక్కన కుట్టుకుంట నన్ను ఇక్కడికి తోలిండు. నేను వద్దని ఇంటికి పోతె ఏమని చెప్పాలె? ఖోకాకు వయసయిందని చెప్పాలెనా?"

పిల్ల కొడుతుంది, అది తేలిపోయింది. కంటి కింద మచ్చ ఇంకా పూర్తిగా మానలేదు.

నస్రీన్ వెళ్లాక సమ్మక్క అలమారలోంచి ఒక కాగితం తీసింది. పై అధికారుల భాష ఆమె ఏనాడూ రాయలేదు. కాని ఇరవై రెండేళ్లుగా వచ్చిన సర్క్యులర్లతోనే ఖోకాలను పొట్లాలు కట్టింది కాబట్టి, ప్రతి వాక్యం ఎక్కడ మొదలై ఎలా ముగియదో ఆమెకు తెలుసు. నాలుక కొరుక్కుంటూ గంటసేపు రాసింది.

'విషయము: మిక్కిలి సీనియర్ ఖోకాను జూనియర్ షూటరుచే పేల్పించుట, తద్వారా కలుగు మర్యాదా భంగము గురించి. పైన ఉదహరించిన విషయములో మనవి ఏమనగా, ఖోకా హోదాకు తగిన హోదా గల అధికారియే దానిని పేల్చుట న్యాయము. కావున ఆరు సార్లు పేలిన ఖోకాను ఇక మీదట సూపరింటెండెంటు గారు, పది సార్లు పేలినదానిని సాంకేతిక అధికారి గారు, ఇరవై సార్లు పేలినదానిని డైరెక్టరు గారు స్వహస్తములతో పేల్చునట్లు తగు ఉత్తర్వులు దయచేయవలెను.'

ఖోకాలు పగులుతున్నాయని ఆమె అంతకుముందు మామూలు మాటల్లో రాసిచ్చిన కాగితం నెల తిరిగినా కదలలేదు. హోదా గురించిన కాగితం మధ్యాహ్నం పైకి వెళ్లి సాయంత్రానికి ఆమోదం పొంది వచ్చింది. బాలకిషన్ మెట్లు దిగి వచ్చి మరీ మెచ్చుకున్నాడు.

"ఇంత సంస్కారం నీలో ఉందని తెలియదమ్మా."

"నాక్కూడ తెల్వదు సార్," అంది సమ్మక్క.

సభ రోజు శామియానా నిండిపోయింది. సన్మానపత్రం చదివారు. కార్యదర్శి రెండు వేళ్లతో శాలువా పట్టుకుని ఖోకాకు కప్పాడు. ఫోటోలు తీశారు. ఖోకా కనబడటం లేదని మళ్లీ తీశారు. కింద నస్రీన్ తండ్రి కొత్త చొక్కాలో ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు.

"ఇప్పుడు డైరెక్టర్ గారు తమ స్వహస్తాలతో," అని మైకులో చెప్పారు.

విద్యాధర్ రావు నవ్వుతూ తూటా చేతిలోకి తీసుకున్నాడు. సంస్థకు వచ్చాక ఆయన ఒక ఖోకాను చేత్తో పట్టుకుని చూడటం అదే మొదటిసారి. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, దాని వెనకనుంచి మనిషి జారుకున్నాడు. పక్కనే రైఫిల్ పట్టుకుని నిలబడ్డ సమ్మక్క వైపు వంగాడు.

"ఈ గీత ఏమిటి?"

"అనుభవం సార్."

"పేలిస్తే ఏమవుతుంది?"

"నస్రీన్ పేలిస్తె ఏం గాదని మీరే చెప్పిన్రు. మీరు పేలిస్తె ఏమైతదో నాకు ఎర్క లేదు సార్."

విద్యాధర్ రావు తూటాను ప్రభంజన్ వైపు చాపాడు. "ఈ పథకానికి ఆధారం మీరే. ఈ గౌరవం మీది."

ప్రభంజన్ వెనక్కి అడుగు వేశాడు. "సార్, ఉత్తర్వు ప్రకారం నాది పది నుంచి పంతొమ్మిది వరకే. నియమం దాటలేను." కాస్త ఆలోచించి కార్యదర్శి వైపు తిరిగాడు. "అతిథి దేవుళ్లు ఉండగా..."

కార్యదర్శి తూటాను చూశాడు, గీతను చూశాడు, తన గడియారాన్ని చూశాడు. "మీ సంస్థ అంతర్గత వ్యవహారాల్లో శాఖ జోక్యం చేసుకోదు," అన్నాడు.

తూటా వేదిక చివరి కుర్చీ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. జనం ఇదంతా పెద్దల వినయం అనుకుని చప్పట్లు కొడుతున్నారు. ఆ చప్పట్ల మధ్య విద్యాధర్ రావుకు దారి దొరికింది. మైకు అందుకున్నాడు.

"ఇంతటి మహనీయ ఖోకాను పేల్చాలనుకోవడమే మన అజ్ఞానం. ఇరవై నాలుగుసార్లు మన కోసం మండింది. ఇక దానికి విశ్రాంతి ఇద్దాం. ఇది నా గుండె లోతుల్లోంచి వస్తున్న మాట."

ఆ మాట నిజంగానే గుండె లోతుల్లోంచి వచ్చింది. పేలుడు లేదు కనుక కార్యక్రమంలో తరువాతి అంశానికి వెళ్లారు. నస్రీన్ ప్రవేశ పత్రం అందుకుంది. ముందు వరుసలో దర్జీ లేచి నిలబడ్డాడు.

మరునాడు పొద్దునే, ఎవరూ పిలవకుండానే అధికారులందరూ సమావేశమయ్యారు. ఆరు సార్లు పేలిన ఖోకాలన్నింటికీ తక్షణమే గౌరవప్రదమైన విశ్రాంతి ఇవ్వాలని బాలకిషన్ ప్రతిపాదించాడు. ఏకగ్రీవంగా ఆమోదించారు. ఆ సంస్థలో ఒక తీర్మానం చర్చ లేకుండా జరగడం అదే మొదలు. వెయ్యికి పైగా ఖోకాలు గోనె సంచుల్లో గది దాటి వెళ్తుంటే సమ్మక్క గుమ్మం పక్కకు తప్పుకుని నిలబడింది. ఒక్కోదానికీ నేతగాళ్లు రాత్రింబవళ్లు నేసిన శాలువా ఉంది. అచ్చును తనే ఒక చుట్టు పైకి తిప్పేసింది, ఎవరూ అడగలేదు.

గోదాములో పథకం మొదలైనప్పటినుంచి విప్పని కొత్త ఖోకాల డబ్బాలు ఆరు ఉన్నాయి. ఎంపిక పోటీకి అందులోంచి అరవై కావాలని సమ్మక్క రాసి పంపింది. డైరెక్టర్ పిలిపించాడు.

"కొత్త ఖోకాలు," అన్నాడు ఆయన దిగులుగా. "వీటికి అనుభవం ఏముంది? ఇంత పెద్ద పోటీలో అనుభవం లేనివాటిని ఎలా దింపుతాం? కనీసం అయిదు పేలుళ్ల అనుభవం ఉండాలి."

"పేలిస్తెనే అనుభవం వస్తది గద సార్."

"అనుభవం లేనిదే పేల్చరాదు. అది భద్రతా సూత్రం. షూటర్ కంటి విషయంలో మనం రాజీపడలేం. అనుభవ ధ్రువీకరణ ఉంటే తీసుకురా."

పోటీ ఎల్లుండి. సమ్మక్క గదికి వచ్చి, నిగనిగలాడే అరవై ఖోకాలను బల్ల మీద పోసి, ఒక్కోదానికీ ఒక్కో కాగితం చొప్పున రాయడం మొదలు పెట్టింది.

పోటీ రోజు మైదానం అంచున నస్రీన్ ఒక కాగితం తీసి చదివింది. "'పై ఖోకా గతంలో అయిదు సార్లు పేలి, సత్ప్రవర్తన కలిగియున్నదని ధ్రువీకరించడమైనది.' పెద్దమ్మా, ఇవి మొన్న డబ్బాలకెల్లి తీసినయే గద."

"అవును."

"మరి అబద్ధం రాసినవు."

"రాసిన. నూట పదిహేడు మీద ఒక్క సంతకం పెట్టుమంటె కొలువు పోయినా పెట్టననుకున్న. ఇప్పుడు అరవై పెట్టిన."

"చెయ్యి నొచ్చిందా?"

"నొయ్యలే. గదే భయమైతుంది. పో, కొట్టు."

నస్రీన్ చెంపను రైఫిల్‌కు ఆనించింది. పక్కకు జరపలేదు. పేలింది. ఖోకా మొత్తంగా, వెచ్చగా బయటికి ఎగిరి వచ్చింది. సమ్మక్క దాన్ని తీసుకుని వెలుతురుకు తిప్పి చూసింది. మడమ పైన ఏ గీతా లేదు.

వెనకనుంచి బాలకిషన్ ఆయాసపడుతూ వచ్చాడు. చంకలో రిజిస్టర్, చేతిలో చిన్న సంచి. ఆ ఖోకా వైపు చూసి రెండడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"అమ్మా, ధ్రువపత్రం ప్రకారం అయిదు, ఇప్పుడు ఒకటి. దీనికి ఆరు నిండాయి."

"ఇది పేలింది ఒక్కసారే సార్."

"కాగితం మీద నీ సంతకమే ఉంది. ఇంకోసారి పేల్చాలంటే ఉత్తర్వు ప్రకారం నేను పేల్చాలి. నేను పేల్చను. నాకు పిల్లలున్నారు." సంచిలోంచి బొటనవేలంత శాలువా ఒకటి తీసి దూరంనుంచే అందించాడు. "విశ్రాంతి ఇచ్చెయ్యి. ఇలాంటివి ఇంకా ఎన్ని పేలాలి?"

"యాభై తొమ్మిది."

ఆయన సంచిలో చేయి పెట్టి లెక్క చూసుకోసాగాడు.

"పెద్దమ్మా," అని పిలిచింది నస్రీన్ గురి మీదనుంచి కన్ను తీయకుండా, "రెండోది కొట్టనా?"

"ఒక్క నిమిషం ఆగు బిడ్డా," అంది సమ్మక్క. "దీనికి సన్మానమైతుంది."